ఎర్రబండ పేరు పిలిచిన మార్సలి

మొన్న సాయంత్రం బడి గదిలో చిన్నదొర మీటింగు పెట్టాడు. ఎన్నికలు కదా. కొత్త చట్టం పుణ్యమా అని మా మగవాళ్ళకి ఓటు వచ్చింది. ఓటు రాగానే ఆయనకి మా తీరం దారి కూడా తెలిసింది. తడి బూట్లతో, నవ్వుమొహంతో వచ్చాడు. వెంట ఇద్దరు గుమాస్తాలు. గోడకి అంటించిన కాగితం వైపు చెయ్యి చూపించి, "ఇదీ నా స్లోగన్. అందరూ ఒక్కసారి గట్టిగా అనండి" అన్నాడు. కాగితం మీద "దొరా రైతూ ఒకే ఇల్లు" అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంది.

ఎవరూ అనలేదు. వెనక బెంచీ మీద ఎవరో దగ్గారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మాట మాది, మా ఉత్తరాది కొండల భాషది. స్లువా గైరిమ్. స్లువా అంటే దండు, జనం. గైరిమ్ అంటే కేక. జనాన్ని పోగుచేసే కేక అన్నమాట. ఇంగ్లీషువాళ్ళ నోళ్ళలో నలిగి నలిగి స్లోగన్ అయింది. అయితే కానివ్వండి, మాటలు ఊళ్ళు తిరుగుతాయి, దానికి నాకేం బాధ లేదు. కానీ ఆ కుటుంబం ఆ మాటని జేబులోంచి రుమాలు తీసినట్టు తీస్తే మాత్రం సహించలేను. మా లోయలో ఆ కేక ఆఖరుసారి వేసింది ఒక ఆడమనిషి. వేసినందుకు ఆమె నోటిని ఏం చేశారో నేను పక్కనే ఉండి చూశాను. చేయించింది ఈ చిన్నదొర తండ్రి. మీటింగులో ఆడవాళ్ళని మాట్లాడనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పేరు మార్సలి. టోర్మోడ్ కూతురు. 

మా కేక ఒక చోటు పేరు: క్రేగ్ రువా, ఎర్రబండ. లోయ మొదట్లో, దారి పక్కనే, తుప్పు రంగులో నిలబడి ఉంటుంది. పూర్వం ఎవరైనా దాడికి వస్తే ఒక గొంతు ఆ పేరు పిలిచేది. అది చెవిన పడ్డవాళ్ళు, చేతిలో ఏముంటే దానితోనే, ఎందుకని అడక్కుండా ఆ బండ దగ్గరికి రావాలి. పిలిచే హక్కు ఒకే ఇంటిది, మార్సలి వాళ్ళది. ఆ హక్కు ఊరికే రాలేదు. పిలిచినవాడు అందరికన్నా ముందు బండ దగ్గర నిలబడాలి. అందరూ వెళ్ళిపోయాక, ఆఖరున దిగాలి. పిలిచి ఇంట్లో కూర్చోవడమనేది మా లోయలో ఎవరి ఊహకీ అందని సంగతి.

టోర్మోడ్ కాలం దాకా అంతే.

ఫ్రెంచివాళ్ళతో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఈ చిన్నదొర తాత లోయకి వచ్చాడు. ఆయనకి ఒక పటాలం కావాలి. పటాలం తెస్తే లండన్లో పదవి వస్తుంది. టోర్మోడ్‌ని కేక వెయ్యమన్నాడు. దొర తెగకి పెద్ద, పిలవమంటే పిలిచాడు. గడ్డి కోస్తున్నవాళ్ళు కొడవళ్ళతో, వాగులో చేపలు పట్టేవాళ్ళు వలలతో వచ్చారు. దొర బండెక్కి, "మీ కొడుకుల్ని నాకివ్వండి. ఈ లోయలో మీ పొయ్యి ఆరకుండా చూసే పూచీ నాది" అన్నాడు. కుర్రాళ్ళందరూ వెళ్ళిపోయారు. టోర్మోడ్ కూడా చెప్పులు బిగించుకున్నాడు. "నువ్వుండు. నీ గొంతు నాకు మళ్ళీ పనికొస్తుంది" అని దొర ఆపేసి, తన పాత కోటు ఒకటి అతని భుజాల మీద వేశాడు. టోర్మోడ్ ఆగిపోయాడు. ఆ కోటుతో తన గుమ్మంలో నిలబడి దండు వెళ్ళిపోవడం చూశాడు.

తిరిగొచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మా అత్తగారు బేహాక్ ఇద్దరు కొడుకుల్ని పంపింది. ఇద్దరూ స్పెయిన్ మట్టిలో ఉన్నారు. ఏ ఊళ్ళోనో కూడా ఎవరూ చెప్పలేదు.

లోయ దొరని ఏమీ అనలేకపోయింది. అనగలిగింది టోర్మోడ్ ఇంటినే. దానికి పిలిచి పంపిన ఇల్లు అని పేరు పెట్టారు. ఆ ఇంటి గుమ్మం తొక్కరు, కొత్త సంవత్సరం నాడు శుభం చెప్పడానికి ఎవరూ వెళ్ళరు. టోర్మోడ్ గట్టిగా మాట్లాడటమే మానేసి, గుసగుసగా బతికి, గుసగుసగా పోయాడు. ఆ ఇంటికి మిగిలింది మార్సలి. తండ్రి కేక వేసిన రోజున ఆమె చిన్నపిల్ల. అయినా శిక్ష మొత్తం ఆమెకే పడింది. పెళ్ళి కాలేదు, ఎవరు చేసుకుంటారు? బలం ఉన్నవాడి మీదికి పోలేని కోపం ఎప్పుడూ ఇలాగే పక్కింటి మీద పడుతుంది. ఆ మాటకొస్తే దొరలు బతికేదే దాని మీద.

నేను వేరే లోయ నుంచి బేహాక్ మూడో కొడుక్కి పెళ్ళామై వచ్చాను. ఇవేవీ తెలియవు. వచ్చిన కొత్తలో ఒకరోజు మా ఆవు పాలివ్వకపోతే చెంబు పట్టుకుని మార్సలి తలుపు తట్టాను. ఆమె తలుపు తీసి నన్ను చూసి, నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"దారి తప్పావా అమ్మాయ్?"

"పాల కోసం వచ్చాను."

"నా పాలు ఈ లోయలో ఎవరి గొంతూ దిగవు. నువ్వు బేహాక్ కోడలివి కదూ? పట్టుకెళ్ళు. వాగు పక్క నుంచి వెళ్ళు, లేకపోతే మీ అత్త నీ వీపు మీద బట్ట ఉతుకుతుంది."

వాగు పక్క నుంచే వెళ్ళాను. అయినా తెలిసిపోయింది. "ఏమే కోడలా, మీ ఊళ్ళో నీకెవరూ బుద్ధి చెప్పలేదా?" అంది మా అత్త. ఆ పాలు దూడకి పోయించింది. నేను మాత్రం వెళ్ళడం మానలేదు. మార్సలితో మాట్లాడితే నవ్వొచ్చేది. "నా అంత అదృష్టవంతురాలు లేదే. లోయలో ఎవరింట్లో చావొచ్చినా నేను ఏడవక్కర్లేదు" అనేది.

పెద్దదొర పోయాడు. కొడుకు దొరయ్యాడు. గొర్రెల ఉన్నికి ధర బాగుందని లెక్క తేలింది. మనుషులకన్నా గొర్రెలు లాభమని, లోయ మొత్తాన్ని దక్షిణాది గొర్రెల కామందు ఒకడికి కౌలుకిచ్చేశాడు. మేము ఖాళీ చెయ్యాలన్న కబురు ముందు గాలిలో వచ్చింది. తర్వాత బేదఖలు నోటీసులు వస్తాయన్నారు. లోయలో ఆ రాత్రి నుంచి ఎవరికీ సరిగ్గా అన్నం సయించలేదు, అన్నమంటే మాకు ఓట్స్ గింజల జావే అనుకోండి.

మార్సలి నా దగ్గరికి వచ్చింది. మా ఇంట్లోకి రాలేదు, దొడ్డి గోడ అవతల నిలబడింది.

"నువ్వు పట్నంలో పనిచేశావుగా, ఇంగ్లీషు ముక్కలొచ్చు. నాతో దొర దివాను దగ్గరికి రా."

"వెళ్ళి ఏం చెప్తావక్కా?"

"పెద్దదొర మాటిచ్చాడని చెప్తాను. మా నాన్న కేకకి జనం వచ్చారు. వచ్చినవాళ్ళకి నేల మీద హక్కుంటుంది. మాట ఒక వైపే కట్టుబడదు కదా, ఆయన్ని కూడా కట్టేస్తుంది."

మా వాళ్ళందరూ చేసిన తప్పు ఇదే. కేక రెండువైపులా ముడి అనుకున్నారు. పిలిచినవాడు రుణపడతాడనుకున్నారు. మా తాతల కాలంలో అది నిజమే. కానీ దొరలు ఆ తాడు తమ వైపు కొస ఎప్పుడో కోసేసుకున్నారు. ఆ సంగతి మాకు చెప్పలేదు.

దివాను మమ్మల్ని వరండాలోనే నిలబెట్టాడు. మార్సలి చెప్పింది, నేను ఇంగ్లీషు చేశాను. విని, చిన్నగా నవ్వాడు.

"బండ పేరు అరిస్తే భూమి వస్తుందా? రాతలో ఉందా?"

"అందరూ విన్నారు" అంది మార్సలి.

"ఆ మాట అన్నాయన చచ్చిపోయాడు."

నేను మా భాషలో చెప్పగానే మార్సలి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తండ్రి భూమి కొడుక్కి వచ్చింది కదా. మరి తండ్రి మాట రాలేదా?"

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. దివాను నవ్వు ఆగిపోయింది. నౌకరుని పిలిచి, "వీళ్ళ కాళ్ళ బురద కడిగించు" అని లోపలికి పోయాడు. మాకు జవాబు అదే.

వచ్చే దారిలో మార్సలి ఎర్రబండ దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేసింది.

"నేను పిలిస్తే వస్తారంటావా ఓయ్రిక్?"

నేను అబద్ధం చెప్పలేదు. "రారక్కా. మా అత్త రానివ్వదు."

"రాకపోతే రాకపోనీ. వాళ్ళ తప్పు కాదు. పిలవకపోతే మాత్రం అది నా తప్పవుతుంది."

దివాను తెలివైనవాడు. మగవాళ్ళంతా కోత పనులకీ రైలు పనులకీ దక్షిణాదికి వెళ్ళే నెలని చూసుకున్నాడు. లోయలో మిగిలింది ఆడవాళ్ళం, ముసలివాళ్ళు, పసివాళ్ళు.

ఆ రోజు మా ఇంట్లో బట్ట బాదుడు. మగ్గం దిగిన ఉన్నిబట్టని, దళసరి కావడానికి, నిలవ ఉచ్చలో నానబెట్టి, పొడుగుబల్ల చుట్టూ కూర్చుని, పాటకి సరిగ్గా బాదుతూ తిప్పుతాం. కంపు భరించలేనిదే, కానీ ఆ పూట నవ్వులు కూడా అంతే. మార్సలిని పిలవరు. ఆమె బండ దగ్గర నేలలోంచి, ఎండబెట్టి పొయ్యిలో కాల్చే నల్లమట్టి పెళ్ళలు కోసుకుంటోంది.

పాట మధ్యలో కేక వినపడింది.

"క్రేగ్ రువా!"

చేతులన్నీ బల్ల మీద ఆగిపోయాయి. నా జన్మలో నేను ఆ కేక వినలేదు. అయినా నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. 

మా అత్త బల్ల తలాపున కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. "పాట ఎవరాపమన్నారు?" అంది.

పాడాం.

"క్రేగ్ రువా!"

"అత్తా," అన్నాను.

"కూర్చో. ఆ పిలుపు విని వెళ్ళిన నా బిడ్డలు ఏ గోతిలో ఉన్నారో నాకు తెలీదు. అది మళ్ళీ పిలిస్తే నేను మళ్ళీ వెళ్ళాలా? నా దగ్గర ఇంకా ఏం మిగిలుందని?"

నేను లేచి గుమ్మంలోకి వెళ్ళాను. లోయ కింద బండ ఎర్రగా కనిపిస్తోంది. దారి మీద నల్లకోట్ల పోలీసులు, వాళ్ళ ముందు నోటీసుల సంచీవాడు, వెనక గుర్రం మీద దివాను. వాళ్ళందరికీ అడ్డంగా, దారి మధ్యలో, చేతిలో పారతో మార్సలి. ఒక్కతే.

"ఒక్కతే నిలబడిందత్తా" అన్నాను.

"ఎక్కడ?"

"దారి మీద."

మా అత్త లేచి వచ్చింది. నన్ను పక్కకి తోసి, గుమ్మం పట్టుకుని చూసింది. ఆవిడ మొహంలో ఏం కదులుతోందో నాకు కనపడలేదు, వెనకాల ఉన్నాను. చేతి వేళ్ళు మాత్రం గుమ్మాన్ని గోకుతున్నాయి.

"టోర్మోడ్ ఆ రోజు ఎక్కడున్నాడో తెలుసా నీకు? గుమ్మంలో. కోటు తొడుక్కుని, ఇదిగో ఇలా, నేనిప్పుడు నిలబడినట్టు."

మూడోసారి కేక వచ్చింది. ఈసారి గొంతు చీలిపోయింది.

మా అత్త వెనక్కి తిరిగింది. బల్ల మీద నుంచి కంపు బట్ట కొస అందుకుని లాగింది. "లేవండే! కూర్చుని చూస్తారేం? దున్నపోతులా బరువుంది, పట్టండి ఇంకో కొస. పాట తర్వాత పాడుకుందాం."

వెళ్ళాం. చేతిలో ఏముంటే దానితోనే వెళ్ళాం. ఒకామె గరిటెతో, ఒకామె చంటిపిల్లతో, దొడ్లో కాగు కిందికి నిప్పు పట్టుకెళ్తున్న ముసలామె నిప్పుకుండతో. వాగుకి అటుపక్క ఇళ్ళ నుంచి కూడా దిగుతున్నారు. ఎవరూ ఎందుకని అడగలేదు.

మార్సలి మమ్మల్ని చూసింది. మా అత్తని చూసింది. ఏం చెయ్యాలో తెలియనట్టు పార భుజం మార్చుకుంది.

"అలా నోరు తెరుచుకుని చూస్తావేంటే?" అంది మా అత్త. "నిన్ను క్షమించి రాలేదు. మీ నాన్న నిలబడని చోట నిలబడ్డావు కదా, దగ్గరగా చూసి పోదామని వచ్చాను. ఈ కొస పట్టుకో."

మార్సలి పట్టుకుంది. దారికి అడ్డంగా ఆ తడిబట్ట చాచి నిలబడ్డాం. సంచీవాడు మొదటి నోటీసు చదవబోయాడు. నిప్పుకుండ ముసలామె, "నాకివ్వు బాబూ, చూపు ఆనదు, దగ్గరగా చూస్తాను" అని తీసుకుని, కుండలో పెట్టింది. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. సంచీ మొత్తం లాక్కున్నాం. కాగితాలు బాగా కాలాయి. ముందుకొచ్చిన పోలీసు ఒకడి మొహానికి కంపు బట్ట చుట్టుకుంది. వాడు అక్కడే కక్కుకున్నాడు. చెప్పుకుని నవ్వుకోవడానికి మాకు మిగిలింది ఆ ముక్కే.

ఎందుకంటే ఆ తర్వాత లాఠీలు లేచాయి. చేతుల్లో గరిటెలూ పసిపిల్లలూ ఉన్న ఆడవాళ్ళ తలల మీద, సిగ్గూ శరమూ లేకుండా, చట్టం పేరు చెప్పి బాదారు. నా మోచెయ్యి ఇప్పటికీ నిటారుగా రాదు. కిందపడ్డవాళ్ళని బూటుకాళ్ళతో తన్నారు. మార్సలి కదల్లేదు. మళ్ళీ పిలవడానికి ఊపిరి పీల్చుకుంది. అవతలి కొండ మీద ఇంకా ఇళ్ళున్నాయి కదా. గుర్రం మీద నుంచి దివాను వేలు చూపించి అన్న మాట నాకు అర్థమైంది. నాకు ఇంగ్లీషు వచ్చు.

"ఆ నోరు ముయ్యండి."

లాఠీ తిన్నగా ఆమె దవడ మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఇది గొడవలో తగిలిన దెబ్బ కాదు. చూసి, గురిపెట్టి, అడిగి కొట్టించిన దెబ్బ. అందుకే చెప్తున్నాను, ఆ ఇంటి మనిషి నా ముందు స్లోగన్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నోటీసులు లేక ఆ రోజు పోలీసులు వెనక్కి పోయారు. పోతూ మార్సలిని గుర్రపుబండిలో పడేసుకుపోయారు.

కోర్టు పట్నంలో. మేము నడిచి వెళ్ళాం. మా అత్త ఆ వయసులో, తలకి గుడ్డ కట్టుతో, ఆగకుండా నడిచింది. మార్సలి బోనులో నిలబడింది. దవడ కింద నుంచి నెత్తి మీదికి గుడ్డ కట్టు. జనాన్ని అల్లరికి రెచ్చగొట్టిందని నేరం.

"ఏమని రెచ్చగొట్టింది?" జడ్జి అడిగాడు.

దుబాసీ మార్సలిని అడిగాడు. ఆమె పెదవులు కదిలాయి. చొంగ కారింది. మాట రాలేదు. సాక్షి పోలీసుకి మా భాష రాదు. "ఏదో అరిచిందండీ, భయంకరంగా ఉంది" అన్నాడు.

"ఏం అరిచిందో ఎవరికీ తెలియదా?"

అప్పుడు మా అత్త లేచింది. ఇద్దరు కొడుకులు పోయిన నాటి నుంచి ఆ మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు. బండ పక్కనుంచి వెళ్ళేటప్పుడు కూడా "అదిగో ఆ రాయి" అనేదే తప్ప పేరు పలికేది కాదు. బెంచీ పట్టుకుని, ఛాతీ నిండా గాలి పీల్చుకుని, ఆ ముసలిగొంతుతో కోర్టు కిటికీలు అదిరేటట్టు పిలిచింది.

"క్రేగ్ రువా!"

మేమందరం లేచి నిలబడ్డాం. అనుకుని లేవలేదు. కాళ్ళు లేపాయి. పోలీసులు లాఠీల మీద చేతులు వేశారు.

"దానర్థం ఏమిటి?" అడిగాడు జడ్జి.

దుబాసీ తల గోక్కున్నాడు. "అర్థం అంటూ... ఎర్రబండ అండీ. వాళ్ళ ఊరి మొదట్లో ఉంటుంది."

మార్సలి బోను కర్ర పట్టుకుని మా అత్త వైపే చూస్తోంది. కట్టు మీదికి కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఊరి బండ పేరు పలికినందుకు ఆమెకి నాలుగు నెలల జైలు వేశారు. ఆడవాళ్ళ తలలు పగలగొట్టినందుకు ఎవరికీ ఏమీ పడలేదు.

ఆమె జైల్లో ఉండగానే కొత్త నోటీసులు వచ్చాయి, ఈసారి తుపాకుల పటాలంతో. మా లోయ కొడుకులు చేరిన పటాలం లాంటిదే. ఇంటికప్పులు తగలబెట్టారు. తరతరాలుగా ఆరని పొయ్యిల మీద మా పాలే మా కుండల్లోంచి తీసి గుమ్మరించి ఆర్పేశారు. మమ్మల్ని ఈ తీరానికి తోలారు. ఇక్కడ నేల లేదు, రాళ్ళూ ఉప్పుగాలీ ఉన్నాయి. సముద్రం మీద చేపలు పట్టడం నేర్చుకుంటారులే అన్నాడట దివాను.

జైలు నుంచి వదిలాక మార్సలి మా దగ్గరికి రాలేదు. దారి తెలియలేదేమో అనుకున్నాం. లోయ వైపు వెళ్ళిన గొర్రెల కాపరి ఒకడు చెప్పాడు, బండ దగ్గర ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది, అదిలిస్తే పోవడం లేదు, పిచ్చిదేమో అని.

మా అత్తా నేనూ వెళ్ళాం. లోయలో పొగ లేదు. కాలిన గోడల మధ్య గొర్రెలు గడ్డి కొరుకుతున్న చప్పుడు ఎంత గట్టిగా వినపడిందో చెప్పలేను. మార్సలి బండకి ఆనుకుని నిలబడి ఉంది. జైలువాళ్ళు ఇచ్చిన చెప్పులు చేతిలో పట్టుకుంది. మమ్మల్ని చూసి, వంకరపోయిన నోటితో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. మా అత్తకి అర్థమైంది.

"అడుగుతోంది, అందరూ వెళ్ళారా అని" అంది మా అత్త నాతో.

తర్వాత బండ దగ్గరికి వెళ్ళి, తన శాలువా తీసి మార్సలి తల చుట్టూ కట్టి, చెయ్యి పట్టుకుంది.

"అందరం వెళ్ళిపోయామే. ఆఖరు పొయ్యి కూడా ఆరింది, నేను చూశాను. ఇంక దిగు. మా ఇంట్లో జావ కాచి పెట్టి వచ్చాను, చల్లారిపోతుంది."